ఇంటి వైఫై, బయటి వైఫై: కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కనెక్షన్ ఇచ్చిన రోజు రౌటర్ ఎట్లా ఉందో, నాలుగేళ్లు గడిచినా అట్లాగే నడుస్తుంటుంది. ఇంట్లో వైఫైకి వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అదే. బయట మాత్రం సంగతి వేరు. అక్కడ ఎవరి వైఫై అనే దానికంటే, దాని మీద మనం ఏం టైప్ చేశామన్నదే ముఖ్యం. కింది జవాబులన్నీ ఈ రెండు విషయాల చుట్టే తిరుగుతాయి.

కేబుల్ ఆఫీసు నుంచి వచ్చి రౌటర్ బిగించి వెళ్లారు. మేం మొదట ఏం చేయాలి?

ముందు ఒక తేడా తెలుసుకోండి. ఫోన్‌ను వైఫైకి కలిపే పాస్‌వర్డ్ వేరు, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. మొదటిది వీధివాకిలి తాళం అనుకుంటే రెండోది బీరువా తాళం. మొదటిదాన్ని మార్చేవాళ్లు కూడా రెండోదాన్ని వదిలేస్తారు. అది తెలిసినవాడు మొదటిదాన్ని తన ఇష్టప్రకారం మార్చుకోగలడు.

రౌటర్‌ను తిప్పి అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. సెట్టింగుల అడ్రసు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అక్కడే ఉంటాయి. అడ్రసు మామూలుగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ అయి ఉంటుంది. జియో ఫైబర్‌కైతే 192.168.29.1. ఫోన్‌ను ఆ వైఫైకి కలిపి, మొబైల్ డేటా ఆపేసి, బ్రౌజర్‌లో పైన అడ్రసు రాసే చోట ఈ అంకెలు కొట్టండి. గూగుల్ వెతికే పెట్టెలో కొడితే ఏవేవో వెబ్‌సైట్లు వస్తాయి. వాటిలో రౌటర్ లాగిన్ పేజీలా కనిపించేవి కూడా ఉంటాయి, వాటి జోలికి పోకండి. మొబైల్ డేటా ఆపకపోతే కొన్ని ఫోన్లు రౌటర్‌ను వదిలి డేటా దారి పడతాయి, అప్పుడు పేజీ తెరుచుకోదు.

లోపలికి వెళ్లాక ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత వైఫై పేరు, పాస్‌వర్డ్. ఆ తర్వాత డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ లేకుండా కలిపే సౌకర్యం), రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటినుంచి రౌటర్ సెట్టింగుల్లోకి వచ్చే దారి) అనే రెండూ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, సేవ్ నొక్కండి. వెంటనే ఇంట్లోని ఫోన్లు, టీవీ, కెమెరా అన్నీ తెగిపోతాయి. అది సహజమే. ఒక్కోదానిలో పాత నెట్‌వర్క్‌ను ‘ఫర్‌గెట్’ చేసి కొత్త పాస్‌వర్డ్‌తో కలుపుకోండి. పేరు మార్చకుండా పాస్‌వర్డ్ మాత్రమే మార్చినప్పుడు ఫోన్ పాతదానితోనే ప్రయత్నించి మొరాయిస్తుంది, అందుకే ఫర్‌గెట్ చేయాలి.

కొన్ని ఫైబర్ రౌటర్లలో మనకిచ్చే లాగిన్‌తో వైఫై పేరు, పాస్‌వర్డ్ తప్ప ఇంకేమీ మారవు. మిగతా అధికారం కంపెనీ దగ్గర ఉంటుంది. అట్లాంటప్పుడు ఫోన్ చేసి డబ్ల్యూపీఎస్ ఆపమని అడగండి, అది వాళ్లకు రెండు నిమిషాల పని. కొత్త పాస్‌వర్డ్‌లు రెండూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. కాగితం మీద రాయడం తప్పేమీ కాదు, రౌటర్ మీదే అతికించడం తప్పు.

పాస్‌వర్డ్‌గా మా ఫోన్ నంబరే పెట్టారు. గుర్తుంటుంది కదా, దాంట్లో తప్పేముంది?

అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే అలవాటు ఇదే. దీన్ని లెక్క వేసి చూద్దాం. ఫోన్ ఇంటి వైఫైకి కలిసే క్షణంలో రౌటర్‌కూ ఫోన్‌కూ మధ్య చిన్న సంభాషణ జరుగుతుంది. వీధిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నవాడు దాన్ని రికార్డు చేసుకుని వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత మీ ఇంటి దగ్గర ఉండాల్సిన పని కూడా లేదు, తన గదిలో కూర్చుని ఒక్కో పాస్‌వర్డ్‌ను దానితో సరిచూసుకుంటాడు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెల్లో ఏదో ఒకదానితో మొదలవుతాయి కాబట్టి మొత్తం ఉండగలిగినవి 400 కోట్లు. కంప్యూటర్‌లో వేసే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు పది లక్షల పాస్‌వర్డ్‌లు సరిచూడగలదు. 400 కోట్లకు పట్టేది 4000 సెకన్లు, అంటే గంటా ఏడు నిమిషాలు. పుట్టినతేదీ అయితే మరీ ఘోరం, నూరేళ్ల తేదీలన్నీ కలిపినా 37 వేలు దాటవు. కనురెప్ప వేసేలోపు అయిపోతుంది.

పైగా దుకాణానికైతే ఆ నంబరు బోర్డు మీదే ఉంటుంది. ఏ గ్రాఫిక్స్ కార్డూ అక్కర్లేదు.

మరి ఎట్లాంటిది పెట్టుకోవాలి?

ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకోండి. ఎద్దు, గొడుగు, చిల్లర, పడవ, కొలిమి: ఇట్లా. (ఇవే పెట్టుకోకండి, ఇవి ఇప్పుడు అందరికీ తెలిసినవే.) మధ్యలో ఒక అంకె వేయండి. వైఫై పాస్‌వర్డ్ 8 అక్షరాల నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు. 20 దాటితే నిశ్చింత. సామెతలు, దేవుళ్ల పేర్లు, పిల్లల పేర్లు, ఊరి పేరు వద్దు. తెలుగు లిపిలో మాత్రం పెట్టలేం, ఇంగ్లిషు కీబోర్డు మీద ఉండే అక్షరాలు, అంకెలు, గుర్తులే పనిచేస్తాయి.

రౌటర్ సెట్టింగుల్లో సెక్యూరిటీ దగ్గర నాలుగైదు పేర్లు కనిపిస్తున్నాయి. ఏది ఎంచుకోవాలి?

అవన్నీ వైఫైకి వేసే తాళాల రకాలు. డబ్ల్యూపీఏ3 ఉంటే అది. 2018లో వచ్చింది. పైన చెప్పిన రికార్డు చేసుకుపోయే పద్ధతి దాని మీద చెల్లదు. ఇంట్లో పాత టీవీయో కెమెరానో ఉండి అది కలవకపోతే, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసి ఉన్న ఎంపిక తీసుకోండి. అదీ లేకపోతే డబ్ల్యూపీఏ2, పక్కన ఏఈఎస్ అని ఉన్నది. మంచి పాస్‌వర్డ్ తోడైతే ఇంటికి అది చాలు. డబ్ల్యూఈపీ 2001లోనే బద్దలైంది, ఇప్పుడు దాన్ని తెరవడానికి నిమిషాలు చాలు. మీ రౌటర్‌లో అది తప్ప ఇంకేమీ లేకపోతే రౌటర్‌నే మార్చండి.

డబ్ల్యూపీఎస్ బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా కలుస్తుంది. అంత సౌకర్యాన్ని ఎందుకు ఆపమంటున్నారు?

బటన్‌తో పాటు దానికి ఎనిమిది అంకెల పిన్ కూడా ఉంటుంది. ఎనిమిది అంకెలంటే పది కోట్ల అవకాశాలు అనిపిస్తుంది. కానీ రౌటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది, పైగా చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టి వచ్చేదే. దాంతో ప్రయత్నించాల్సినవి 11 వేలకు పడిపోతాయి. ఈ లోపం 2011లోనే బయటపడింది. పిన్ దొరికితే మీ ఇరవై అక్షరాల పాస్‌వర్డ్ ఏదైనా సరే, రౌటరే దాన్ని చెప్పేస్తుంది.

పక్కింటివాళ్లు, అద్దెకున్నవాళ్లు, చుట్టాలు అడుగుతారు. లేదనడం ఎట్లా?

లేదనక్కర్లేదు. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేసి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి అది ఇవ్వండి. పండక్కి వచ్చిన చుట్టాలు వెళ్లాక ఆ ఒక్కటి మార్చేస్తే సరిపోతుంది, మీ ఫోన్లు, టీవీ ఏవీ కదలవు.

తక్కువ ధర రౌటర్లలో గెస్ట్ పేరుతో ఉన్నది నిజంగా విడిగా ఉండకపోవచ్చు. పరీక్ష సులువు: ఫోన్‌ను గెస్ట్ నెట్‌వర్క్‌కు కలిపి 192.168.1.1, లేదా మీ రౌటర్ అడ్రసు ఏదైతే అది, తెరవండి. లాగిన్ పేజీ వచ్చిందంటే గెస్ట్‌కు వచ్చినవాళ్లు ఇంటి నెట్‌వర్క్ లోపలే ఉండే అవకాశం ఉంది. ఐసొలేషన్ అనే ఎంపిక ఉంటే టిక్ పెట్టి మళ్లీ చూడండి.

అసలు పాస్‌వర్డ్ ఒకరికి ఇస్తే ఒకరి దగ్గరే ఆగదు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్‌లో కలిపి ఉన్న వైఫైని క్యూఆర్ కోడ్‌గా చూపించొచ్చు, చాలా ఫోన్లలో దాని కింద పాస్‌వర్డ్ అక్షరాలా కనిపిస్తుంది. పక్కింటి పిల్లవాడు స్నేహితులకు చూపిస్తే వీధంతా మీ వైఫైలోనే ఉంటుంది.

దీన్ని చిన్న సంగతిగా తీసుకోకండి. మీ కనెక్షన్ నుంచి ఎవరు ఏం పంపినా, పోలీసులకు మొదట దొరికే ఆధారం మీ పేరు మీద ఉన్న కనెక్షనే. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో ఒక ఇంటి వైఫై నుంచి పోయింది. ఆ ఇంట్లో ఉన్నాయనకు పేలుళ్లతో సంబంధం లేదు, అయినా దర్యాప్తు మొదట ఆయన గుమ్మం దగ్గరికే వచ్చింది. ఇటువైపు కూడా ఒక మాట: ఇంకొకరి వైఫైలోకి అనుమతి లేకుండా, దురుద్దేశంతో చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మా వైఫైలో ఎవరెవరు ఉన్నారో చూడొచ్చా?

చూడొచ్చు. రౌటర్ సెట్టింగుల్లో కనెక్టెడ్ డివైసెస్ అనో, క్లయింట్ లిస్ట్ అనో ఉంటుంది. అయితే ఆ జాబితా చూసి భయపడేవాళ్లే ఎక్కువ. ఆండ్రాయిడ్ 10, ఐఫోన్ ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు గుర్తింపు సంఖ్యను దాచి వేరేది చూపిస్తాయి. అందుకని మీ ఫోనే మీకు కొత్తదిలా కనబడొచ్చు. ఇంట్లోవాళ్ల ఫోన్లు ఒక్కొక్కటిగా వైఫై ఆఫ్ చేస్తూ జాబితాను మళ్లీ మళ్లీ తెరవండి. అన్నీ ఆపాక కూడా మిగిలినవి టీవీ, కెమెరా, ఇన్వర్టర్ లాంటివేనా? కాకపోతే పాస్‌వర్డ్ మార్చండి. ఆ ఒక్కదాన్ని బ్లాక్ చేసి ఊరుకుంటే వాడు సంఖ్య మార్చుకుని మళ్లీ వస్తాడు.

మాది రాతి గోడల పాత మిద్దె. లోపలి గదికి సిగ్నల్ అందదు గానీ వీధిలో అరుగు మీద కూర్చున్నవాళ్లకు బాగా వస్తోంది. ఎందుకిట్లా?

రెండడుగుల మందం రాతిగోడను వైఫై దాటడం కష్టం. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ అనే రకమైతే మరీ కష్టం. వాకిలి, కిటికీ నుంచి మాత్రం ధారాళంగా పోతుంది. వైరు లోపలికి వచ్చిన చోటే, అంటే వీధి కిటికీ పక్కనే, రౌటర్ బిగిస్తారు. కాబట్టి వీధికి సగం వెళ్లిపోతుంది. పది, పదిహేను మీటర్ల వైరు ఎక్కువ వేయించి రౌటర్‌ను నట్టింట్లో, తల కంటే ఎత్తులో పెట్టించండి. కడప బండ పరిచిన గూట్లోనో ఇనప బీరువా వెనకో పెట్టకండి. మూడువైపులా మూసినట్టవుతుంది, ఎండాకాలంలో వేడికి రౌటర్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంటుంది కూడా.

లోపలి గదికి ఇంకో రౌటర్ పెట్టుకుంటే దానికి కూడా అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలని మరిచిపోకండి.

వైఫై పేరు కనబడకుండా దాచిపెడితే మంచిదా?

కాదు. వెతకడం వచ్చినవాడికి కనబడుతూనే ఉంటుంది. పైగా ఆ పేరు కోసం మీ ఫోన్ వెళ్లిన చోటల్లా పిలుస్తూ తిరుగుతుంది. పేరు దాచడం మీద పెట్టే శ్రమ పాస్‌వర్డ్ మీద పెట్టండి. పేరులో డోర్ నంబరు, ఇంటిపేరు లేకుంటే చాలు.

సీసీ కెమెరా వైఫై మీద నడుస్తోంది. దాంతో ప్రమాదం ఉందా?

ఉంది, కెమెరాకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అట్లాగే ఉంచితే. బిగించినవాళ్లు తమ ఫోన్‌లోనే ఖాతా తెరిచి మీకు చూపించి వెళ్తుంటారు. కెమెరా ఖాతా మీ నంబరు మీదే ఉండాలి. వాళ్ల ఫోన్‌కు షేర్ చేసి ఉంటే తీసేయండి. వీలైతే కెమెరాను గెస్ట్ నెట్‌వర్క్ మీద పెట్టండి, దానిలోకి ఎవరైనా దూరినా మీ ల్యాప్‌టాప్ దాకా రాలేరు. పడకగదిలో కెమెరా వద్దు. ఏ సెట్టింగూ దీనికి సాటిరాదు.

కరెంటు పోయి వచ్చాక పాత పాస్‌వర్డ్ తిరిగి వచ్చింది. ఎవరైనా మార్చారా?

కరెంటు పోతే సెట్టింగులు చెరిగిపోవు. రౌటర్ వెనక చిన్న రంధ్రంలోని రీసెట్ బటన్‌ను పిన్నీసుతో పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మొదటికి వస్తుంది. నెట్ రావడం లేదని పిలిచినప్పుడు వచ్చినవాళ్లు తరచుగా చేసే పని అదే. వాళ్లు వెళ్లాక అడ్మిన్ పాస్‌వర్డ్, డబ్ల్యూపీఎస్ మళ్లీ చూసుకోండి. ఎల్ఓఎస్ అనే ఎర్ర లైటు వెలుగుతుంటే తప్పు ఫైబర్ తీగలో ఉంది, రీసెట్ చేసినా ప్రయోజనం ఉండదు.

రైల్వే స్టేషన్‌లో ఉచిత వైఫై వాడొచ్చా?

వాడొచ్చు. గుంతకల్లు లాంటి స్టేషన్లలో రైల్‌వైర్ పేరుతో కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే ఒక పేజీ తెరుచుకుంటుంది, మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, అది కొడితే కలుస్తుంది. రోజుకు మొదటి అరగంట ఉచితం.

నంబరు, ఓటీపీ దాటి ఉచిత వైఫై పేజీ ఇంకేం అడిగినా వెనక్కి వచ్చేయండి. ఆధార్, కార్డు నంబరు, యూపీఐ పిన్, ఈమెయిల్ పాస్‌వర్డ్ ఏ ఉచిత వైఫైకీ అక్కర్లేదు. ‘ఈ యాప్ దించుకుంటేనే నెట్’ అంటే అది నెట్ కోసం కాదు. వచ్చిన ఓటీపీ మెసేజ్‌ను కూడా పూర్తిగా చదవండి. దాంట్లో వైఫై గురించి కాకుండా వాట్సాప్ అనో బ్యాంకు అనో ఉంటే, ఆ పేజీ నడుపుతున్నవాడు మీ నంబరుతో మీ ఖాతాలోకే వెళ్లబోతున్నాడన్నమాట.

ఒకే పేరుతో రెండు నెట్‌వర్క్‌లు కనబడ్డాయి. ఏది అసలుది?

పేరు చూసి తెలుసుకోలేం. వైఫైకి ఏ పేరైనా ఎవరైనా పెట్టుకోవచ్చు. బ్యాగులో చిన్న రౌటర్ పెట్టుకుని వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాడు కూడా స్టేషన్ పేరే పెట్టగలడు. ఎక్కువ సిగ్నల్ ఉన్నది అసలుది అనుకోవడం పొరపాటు, దగ్గరున్నవాడి సిగ్నలే ఎక్కువ ఉంటుంది.

ఇంతకంటే మెత్తగా జరిగేది ఇంకోటి ఉంది. ఎప్పుడో వాడిన పాస్‌వర్డ్ లేని వైఫై పేరును ఫోన్ గుర్తుపెట్టుకుని, అదే పేరు ఎక్కడ కనిపించినా మిమ్మల్ని అడగకుండా కలిసిపోతుంది. ఫోన్ జేబులో ఉండగానే. సెట్టింగుల్లో సేవ్డ్ నెట్‌వర్క్స్ తెరిచి లాడ్జీలు, హోటళ్లు, స్టేషన్ల పేర్లన్నీ తీసేయండి. ఆటో కనెక్ట్ ఇంటి వైఫైకి మాత్రం ఉంచండి.

టీకొట్టు దగ్గరో హోటల్లోనో వైఫై మీద ఫోన్‌పే, గూగుల్ పే చేస్తే డబ్బు పోతుందా?

ఒక్క వైఫై వల్లే పోవడం చాలా అరుదు. ఈ యాప్‌లు ఫోన్ నుంచి సర్వర్ దాకా సమాచారాన్ని తాళం వేసే పంపిస్తాయి, మధ్యలో రౌటర్ నడిపేవాడికి పిన్ కనబడదు. అయినా డబ్బు పనికి మొబైల్ డేటానే వాడమంటాం. చెల్లింపుకు అయ్యే డేటా చాలా కొద్ది, దాని కోసం తెలియని నెట్‌వర్క్‌ను నమ్మాల్సిన అవసరం లేదు.

అసలు ప్రమాదం బ్రౌజర్‌లో ఉంది. దొంగ వైఫై నడిపేవాడు మీరు కోరిన బ్యాంకు పేజీ బదులు తన పేజీ చూపించడానికి చూస్తాడు. అప్పుడు బ్రౌజర్ ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని ఎర్రగా హెచ్చరిస్తుంది. ఫోన్‌లో తేదీ తప్పున్నా అదే హెచ్చరిక అన్ని సైట్లకూ వస్తుంది, కాబట్టి ముందు తేదీ చూసుకోండి. తేదీ సరిగ్గా ఉండీ హెచ్చరిక వస్తే ‘పర్వాలేదు, ముందుకు వెళ్లు’ నొక్కకుండా వైఫై ఆపేయండి.

తాళం గుర్తు ఉంటే సైట్ నమ్మొచ్చు కదా?

మీకూ ఆ సైట్‌కూ మధ్య ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. మోసగాడి సైట్‌కు కూడా తాళం ఉంటుంది. అడ్రసులో అక్షరాలు చదవండి. తాళం ఉన్నా వైఫై యజమానికి మీరు ఏ సైట్‌కు వెళ్లారో పేరు తెలియొచ్చు, అక్కడ ఏం రాశారో తెలియదు.

వీపీఎన్ పెట్టుకుంటే సరిపోతుందా?

వీపీఎన్ అంటే మీ నెట్ వాడకాన్ని తాళం వేసి తన సర్వర్ మీదుగా పంపే యాప్. మీరు చేసేదాన్ని దగ్గరున్న వైఫై యజమాని నుంచి దాస్తుంది. అదే చూపును తీసుకెళ్లి వీపీఎన్ కంపెనీ చేతిలో పెడుతుంది. ఉచిత వీపీఎన్ యాప్‌లు వద్దు, ఖర్చులు ఎక్కడినుంచో రాబట్టుకోవాలి కదా. మొబైల్ డేటా ఉన్నవాళ్లకు మామూలు పనులకు ఇది అవసరమే లేదు. ఆఫీసు ఇచ్చిన వీపీఎన్ ఉంటే ఆఫీసు పనికి తప్పకుండా వాడండి.

మంత్రాలయం లాడ్జిలో, హాస్టల్లో పాస్‌వర్డ్ ఉంది కదా, అది ఇంటి వైఫై లాంటిదేనా?

కాదు. కౌంటర్ దగ్గర కాగితం మీద అతికించిన పాస్‌వర్డ్ అందరి దగ్గరా ఉంటుంది. డబ్ల్యూపీఏ2లో ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు, మీరు కలిసేటప్పుడు జరిగే సంభాషణను పట్టుకుంటే మీ ఫోన్ పంపేది విప్పగలడు. సైట్‌కు సొంత తాళం ఉంటేనే అది దాగుతుంది. ల్యాప్‌టాప్ అడిగినప్పుడు ‘పబ్లిక్ నెట్‌వర్క్’ ఎంచుకోండి, ఫైల్ షేరింగ్ ఆగిపోతుంది. వైఫై కలిసినా లాగిన్ పేజీ రాకపోతే బ్రౌజర్‌లో నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ (neverssl.com) అని కొట్టి చూడండి. తాళం లేని ఆ సైట్ వెంటనే లాగిన్ పేజీకి దారి ఇస్తుంది.

నెట్ సెంటర్‌లో కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టాలి. జాగ్రత్త ఏమిటి?

అక్కడ వైఫై కంటే కంప్యూటరే పెద్ద ప్రమాదం. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండోలో (మూసేశాక చూసినవి గుర్తుపెట్టుకోనిది) తెరవండి. పాస్‌వర్డ్ మీరే కొట్టండి, సేవ్ చేయమంటావా అంటే వద్దనండి. మార్కుల మెమో, ఆధార్ స్కాన్లు డౌన్‌లోడ్స్‌లో, డెస్క్‌టాప్ మీద మిగిలిపోతాయి. తుడిచి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. ప్రింటు కోసం వాళ్ల వాట్సాప్‌కు పంపిన ఫైల్‌ను ‘అందరికీ తొలగించు’ చేసినా, వాళ్లు దించుకున్న కాపీ ఉంటుంది. మీ ఎదుటే తీసేయమనండి. అడగడానికి మొహమాటపడొద్దు, అవి మీ పిల్లల భవిష్యత్తుకు సంబంధించిన కాగితాలు. ఆప్షన్లు పెట్టాక లాగౌట్ చేసి, ఇంటికి వచ్చి పాస్‌వర్డ్ మార్చండి.

డబ్బు పోయింది. ఇప్పుడేం చేయాలి?

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలోచించేది తర్వాత. డబ్బు ఇంకో ఖాతాకు చేరి, అక్కడినుంచి బయటికి పోయేలోపు ఆపగలిగితేనే ఆశ ఉంటుంది. చేతిలో ఉంచుకోవాల్సినవి: బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఏ సమయానికి, లావాదేవీకి సంబంధించిన 12 అంకెల యూటీఆర్ నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. బ్యాంకుకు విడిగా చెప్పి రసీదు నంబరు తీసుకోండి. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా బయటివాళ్ల వల్ల జరిగి, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మీ మీద పడదు. మీరే పిన్నో ఓటీపీయో చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయిందంతా మీదే. ఆలస్యం చేసిన ప్రతి గంటా లెక్కలోకి వస్తుంది.

ఎవరైనా సిగ్గుపడి చెప్పకుండా దాచిపెడితే వాళ్లను తిట్టకండి. తిట్లకు భయపడే చాలామంది మర్నాటిదాకా ఆగుతారు.

పాత రౌటర్ అమ్మేస్తున్నాం. ఏమైనా చేయాలా?

రీసెట్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలుగుతాయి. తర్వాత ఒకసారి ఫోన్‌తో చూసి మీ వైఫై పేరు పోయిందని నిర్ధారించుకోండి. కంపెనీ ఇచ్చిన రౌటర్ అయితే అమ్మడానికి లేదు. తిరిగి ఇచ్చేసి రసీదు తీసుకోండి, డిపాజిట్ ఉంటే అడగండి.